పొరుగు రాష్ట్రపు అతుకుల ట్రాక్టర్లు

సంక్రాంతి వెళ్లి, ధాన్యపు సొమ్ము చేతికి వచ్చిన నాటినుండి తొలకరి వఱకును మన జిల్లాల రైతులు పలువురు పాత ట్రాక్టర్లకై సరిహద్దు దాటి తిరుగుట మన మెల్లర మెఱిగినదే. పాతపట్నము వైపువారు పర్లాకిమిడికిని గుణుపురమునకును, పార్వతీపురము, సాలూరు వైపువారు రాయగడకును కొరాపుటునకును, ఇచ్ఛాపురము వైపువారు బరంపురమునకును పోవుచుందురు. క్రొత్త ట్రాక్టరు వెల వినినంతనే గుండె ఝల్లుమను చిన్న రైతునకు పాతదానిపై మనసు పోవుట సహజము. ఆ మనసును మేము తప్పుపట్టము. కాని అట్లు తెచ్చిన యంత్రములలో కొన్ని ఒక యంత్రము కావు. ముందుభాగ మొకదానిది, వెనుకభాగ మొకదానిది, చక్రములు మూడవదానివి. అవి దున్నును, లాగును, నీరు తోడును. మన రాష్ట్రమున రిజిస్టరు చేయింపబోయిన నాడు మాత్రము, తండ్రి పేరు చెప్పలేని బిడ్డవలె కార్యాలయపు వాకిట నిలిచిపోవును. ఈ విషయమై మన సభ్యులకు నాలుగు మాటలు చెప్పవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ముందుగా మా తప్పు మేము ఒప్పుకొనవలెను. కొన్ని ఏండ్ల క్రిందట వంశధార ఒడ్డున నున్న ఒక గ్రామపు సభ్యుడు తనకు తోడు రమ్మని మమ్ము సరిహద్దు ఆవలికి తీసికొని పోయెను. అమ్మకమునకున్న ట్రాక్టరును మేము చూచితిమి. ఇంజను వేయించి ధ్వని వింటిమి. పొగ రంగు చూచితిమి. నూనె ఒత్తిడి ముల్లు ఎక్కడ నిలుచునో కనిపెట్టితిమి. నాగలిని తగిలించి హైడ్రాలిక్కు ఎత్తునో ఎత్తదో పరీక్షించితిమి. అన్నియు బాగుగనే యున్నవి. "తీసికొనవచ్చును" అంటిమి. రిజిస్ట్రేషను పత్రములోని ఇంజను సంఖ్యయు, ఇంజనుపై చెక్కిన సంఖ్యయు ఒకటి కావని ఇంటికి వచ్చిన పిమ్మట గాని ఎవ్వరును చూడలేదు. అమ్మినవాడు "అది నేను సరిచేయించి పంపెదను" అనెను. పంపలేదు. ఇక్కడి అధికారి యంత్రమును పరీక్షించి, పత్రమునకును యంత్రమునకును పొంతన లేదని త్రిప్పి పంపెను. అందులో అధికారి దోషము లేదు. ఆ ట్రాక్టరు ఇప్పటికిని గడ్డివామి ప్రక్కన తాటాకు పందిరిక్రింద నున్నది. దానికై చేసిన అప్పునకు వడ్డీ మాత్రము నిలువలేదు. ఆ రైతు మమ్ము ఒక్క మాటయు నిష్ఠురముగా అనలేదు. ఒకనాడు మాత్రము కళ్లమువద్ద, "ఇంజను మీరు చెప్పినట్టు బాగానే ఉంది బాబూ" అనెను. ఆ మాట నేటికిని మా చెవిలో నున్నది. ఇంజనును చూచితిమి గాని కాగితమును చూడకపోతిమి. ఈ వ్యాసమున చెప్పబోవున దంతయు ఆ ఒక్క మాటకు వివరణమే.

మన రైతు అతుకులను చూచి ఎందుకు జంకడో ఆలోచింతము. తరతరములుగా మన వాహనము ఎద్దులబండి. ఇరుసు ఒక వడ్రంగి చేసినది, చక్రపు ఆకులు వేరొకడు చెక్కినవి, ఇనుప పట్టా కమ్మరి తొడిగినది, కాడి తాతలనాటిది. చక్రము విరిగిన ప్రక్క ఊరి పాతచక్రమును తెచ్చి తొడిగెదము. దానిని ఎవ్వరును ఎవరి బండి యని అడుగరు, తోలువానిదే బండి. విరిగినదానిని పారవేయక అతికి వాడుకొనుట పేదవాని విజ్ఞత. ట్రాక్టరునకును మనవారు అదే న్యాయము వర్తింపజేసిరి.

అట్లు అతుకవలసిన అవసరము కలుగుటకును కారణము లేకపోలేదు. మన దేశమున ట్రాక్టర్ల తయారీ 1959లో ఫరీదాబాదునందు ఐషర్ కంపెనీతో ఆరంభమైనది. పిమ్మట అనేక కంపెనీలు వచ్చినవి. కొన్ని నిలిచినవి, కొన్ని పోయినవి. ప్రభుత్వరంగపు హెచ్.ఎం.టి. సంస్థ 1971 మొదలుకొని పింజోరులో ట్రాక్టర్లు చేయుచుండెను. ఆ ట్రాక్టరు విభాగమును మూసివేయుటకు కేంద్రప్రభుత్వము 2016లో నిర్ణయించెను. కంపెనీ పోయినను దాని ట్రాక్టర్లు పొలములలో మిగిలియున్నవి. క్రొత్త విడిభాగము దొరకనప్పుడు చచ్చిన ట్రాక్టరు భాగమును బ్రతికియున్నదానికి తగిలింతురు. ఇట్లు రెండు మూడు చేతులు మారునప్పటికి యంత్రము అతుకుల బొంత యగును. ఇందు మోసము కొంత కలదు. గతిలేనితనము అంతకంటె ఎక్కువ కలదు. కావున అతుకుల ట్రాక్టరు గలవారి నందఱను దొంగలుగా చూచుట న్యాయము కాదు.

సరిహద్దు సంగతియు జ్ఞాపకము చేసికొనవలెను. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమగువఱకును పర్లాకిమిడి, గుణుపురము, రాయగడ, కొరాపుటు ప్రాంతములు మనతోపాటు మదరాసు రాజధానిలోనే యుండెను. నాటి గంజాము, విశాఖపట్టణము జిల్లాలలోనివే అవి. నేటికిని ఆ వైపున మనకు చుట్టములున్నారు, సంతలున్నవి, మన భాష యున్నది. అందుచేత అక్కడ కొనుట పరాయి దేశమున కొనుటవలె మనకు తోపదు. రవాణాశాఖ దప్తరులకు మాత్రము ఈ చుట్టరికము తెలియదు. రాయగడలో రిజిస్టరైన బండి సంఖ్యలో నుండునది ఒడిశా గుర్తు. 2012కు ముందు వానిపై 'ఓఆర్' అనియు, ఆ తరువాత 'ఓడీ' అనియు నుండును. మన శ్రీకాకుళమునకు 'ఏపీ 30', విజయనగరమునకు 'ఏపీ 35' ఉండెడివి. 2019 నుండి రాష్ట్రమంతటికిని ఒకే వరుస వచ్చినది. ఒక దప్తరునుండి మఱియొక దప్తరునకు బండి మారవలె నన్న, మొదటి దప్తరు విడువవలెను, రెండవది చేర్చుకొనవలెను. ఆడపిల్ల అత్తవారింటికి పోవుటవంటిది. పుట్టింటివారు పంపక అత్తవారు దింపుకొనరు.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. రెండు ట్రాక్టర్లను కలిపి ఒకటి చేసినప్పుడు అది ఏ ట్రాక్టరు? మన పెద్దలు చెప్పెడి బేతాళకథలలో ఇట్టి చిక్కు ఒకటి కలదు. భర్త తల వేరొకని మొండెమునకును, వేరొకని తల భర్త మొండెమునకును అతుకబడగా, ఆమెకు భర్త ఎవడని బేతాళుడు ప్రశ్నించును. అవయవములలో శిరస్సు ప్రధానము గనుక తల ఎవరిదో అతడే భర్త యని విక్రమార్కుడు తీర్పు చెప్పును. మోటారు చట్టము చెప్పుచున్న తీర్పును దాదాపు ఇదే. వాహనమునకు తల చట్రము, అనగా ఛాసిస్. దానిపై చెక్కిన సంఖ్యయే దాని పేరు. తక్కినవి అవయవములు. ఇంగ్లండులో అనేక సంవత్సరములు అమలులోనున్న ఒక పద్ధతిని చూచినను ఇది తేటపడును. అక్కడ మార్చి కట్టిన బండికి పాత సంఖ్య నిలుచునా లేదా యని తేల్చుటకు బడిపిల్లలకువలె మార్కులు వేసెడివారు. చట్రమునకు 5, ఇరుసులకు 2, గేరు పెట్టెకు 2, స్టీరింగునకు 2, సస్పెన్షనునకు 2, ఇంజనునకు ఒక్కటే 1. కనీసము 8 మార్కులు వచ్చిననే పాత సంఖ్య నిలుచును. మనము కొనునప్పుడు సర్వస్వమని చెవియొగ్గి వినెడి ఇంజనునకు ఒక్క మార్కు. మనము వంగియైనను చూడని చట్రమునకు అయిదు!

ఇక్కడ ట్రాక్టరు విషయమై ఒక విశేషము చెప్పవలెను. లారీకిని జీపునకును క్రింద పొడుగాటి ఇనుప చట్రము వేరుగా నుండును. దానిపై ఇంజనును పెట్టుదురు. మన సేద్యపు ట్రాక్టరునకు సాధారణముగా అట్టి చట్రము లేదు. ముందు ఇంజను, దాని వెనుక క్లచ్చి గూడు, దాని వెనుక గేరు పెట్టె, కడపట వెనుక ఇరుసు గూడు — ఈ పోత ఇనుప ముక్కలను బోల్టులతో బిగించినదే దాని వెన్నెముక. హెన్రీ ఫోర్డు 1917లో తెచ్చిన ఫోర్డ్‌సన్ ట్రాక్టరుతో ఈ పద్ధతి లోకమంతట వ్యాపించినది. క్లచ్చి పలకలు అరిగినప్పుడు మెకానిక్కు ట్రాక్టరును నడుమ రెండుగా విడదీయుట మీరు చూచియే యుందురు. అట్లు విడదీసినప్పుడు వేరొకదాని ముందుభాగమును తెచ్చి బిగించుట సులభము. సులభము గనుకనే ఈ అతుకులు ఇంత విరివిగా జరుగుచున్నవి. ఛాసిస్ సంఖ్యను వెనుక ముక్కలలో ఏదో ఒకదానిపై చెక్కియుందురు. ఏ ముక్కపై ననునది తయారుచేసినవానిని బట్టి మారును. ఇంజను సంఖ్య ఇంజనుపై నుండును. రంగు ఒకటే యైనంత మాత్రమున ఈ రెండును ఒక తల్లి బిడ్డలని నమ్మకూడదు.

చట్టము మాటయేమి? 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవాడు మొదట నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు యజమాని వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో కేరళ వ్యాజ్యమొకదానిలో సుప్రీముకోర్టు ఈ మాటనే గట్టిగా చెప్పెను. అదే సంవత్సరపు సవరణచట్టము అనుమతిలేని ఒక్కొక్క మార్పునకును 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలలకు మించని జైలు గాని, రెండును గాని విధించెను. అయితే ఇంజను పాడైనవాని కిక గతిలేదని అర్థము కాదు. అదే రకపు ఇంజనును, అది ఎక్కడినుండి వచ్చినదో చూపు రసీదుతో, అధికారి అనుమతి పొంది మార్చుకొని, క్రొత్త సంఖ్యను రిజిస్ట్రేషను పత్రములో ఎక్కించుకొనవచ్చును. చట్టము పట్టునది మార్పునకంటె మఱుగుపఱచుటనే యని మా అభిప్రాయము.

కావున పాత ట్రాక్టర్లను మేము మూడు తెగలుగా విభజింతుము. రెండు సంఖ్యలును పత్రముతో సరిపోవునది మొదటి తెగ. యంత్రము బాగున్నచో నిశ్చింతగా కొనవచ్చును. ఛాసిస్ సంఖ్య సరిపోయి, ఇంజను మాత్రము మారినది రెండవ తెగ. దానిని అమ్మువాడే తన ఊరి దప్తరులో ఇంజను సంఖ్యను మార్పించి ఇచ్చిన పిమ్మటనే కొనవలెను. "కొన్న తరువాత నేను చేయించెదను" అను మాటకు బయానా కూడ ఇవ్వరాదు. ఛాసిస్ సంఖ్యయే సరిపోనిది, లేక ఆకురాయితో అరుగదీసినట్లుగా గాని మరల కొట్టినట్లుగా గాని కనబడునది మూడవ తెగ. దానికి వెల పాత ఇనుపవెలయే. మఱియు అందు దొంగసొత్తు ఉండవచ్చును గనుక ఇనుపవెలకును కొనకుండుట మేలు.

సంఖ్యను పరీక్షించుటకు పెద్ద విద్య అక్కఱలేదు. నూనె మురికిని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, సంఖ్యపై పలుచని కాగితము పెట్టి, పెన్సిలుతో అడ్డముగా రుద్దిన అంకెలు కాగితముపై తెల్లగా తేలును. మన పిల్లలు కాసుమీద కాగితము పెట్టి రుద్ది ఆడుకొనునదియే ఇది. రవాణాశాఖవారి పత్రములలోను పెన్సిలు అచ్చునే అడుగుదురు. ఆ అచ్చును రిజిస్ట్రేషను పత్రము ప్రక్కన పెట్టి, అక్షరమక్షరము, అంకె అంకె పోల్చి చూడవలెను. చదువురాని రైతు బడికి పోవు తన కుమార్తెచేత చదివించుకొనవచ్చును. ఈ పని పది నిమిషములది. మేము చేయని పని అది.

సంఖ్యలు సరిపోయిన పిమ్మట పుట్టింటివారి అనుమతి తేవలెను. దీనిని నిరభ్యంతర పత్ర మందురు. 48వ సెక్షను క్రింద 28వ ఫారములో, బండి రిజిస్టరైయున్న ఒడిశా దప్తరునందే దరఖాస్తు చేయవలెను. దానిని ఇచ్చుటకు ముందు ఆ అధికారి, బండిపై దొంగతనపు కేసు లేదని పోలీసువారి నివేదిక తెప్పించుకొనును. ప్రభుత్వమునకు పన్ను బాకీ లేదని చూచును. దరఖాస్తు అందిన 30 దినములలో ఇచ్చుటయో నిరాకరించుటయో చేయవలెను. ఏదియు తెలుపనిచో ఇచ్చినట్లే భావింపవలెనని చట్టము చెప్పుచున్నది. అందుచేత దరఖాస్తు అందినట్లు రసీదు తీసికొని భద్రపఱచుకొనుడు. బండి ఏ బ్యాంకునకైనను తాకట్టులో నున్నదేమో పత్రములోనే వ్రాసియుండును. ఉన్నచో అప్పు తీరినదని బ్యాంకువారు ఇచ్చు 35వ ఫారము కూడ కావలెను. పదునైదేండ్లు నిండిన బండియైనచో, రిజిస్ట్రేషనును పునరుద్ధరించిరో లేదో చూడవలెను. సేద్యపు ట్రాక్టరు రిజిస్ట్రేషను మొదట 15 సంవత్సరములు, ఆపై అయిదేసి సంవత్సరములు మాత్రమే చెల్లును.

ఇక్కడ మనవారిలో నాటుకొనియున్న ఒక పొరపాటును తీసివేయవలెను. "ఇతర రాష్ట్రపు బండిని ఏడాదిపాటు ఇట్లే నడుపుకొనవచ్చును" అని పలువురు చెప్పుదురు. ఆ పండ్రెండు నెలల గడువు 47వ సెక్షనులోనిది. తన బండితో తాను వేరొక రాష్ట్రమునకు వచ్చిన యజమానికి సంబంధించినది. కొన్నవానికి 50వ సెక్షను వర్తించును. కొన్న 30 దినములలో తన నివాసపు దప్తరునందు హక్కు మార్పిడి తెలియజేయవలెను. అమ్మినవాడును 29వ ఫారములో తన సంతకముతో తెలియజేయవలెను. అమ్మకమునాడే 29, 30 ఫారములపై అతని సంతకములు తీసికొనకున్నచో, తరువాత అతనిని వెదకుకొనుచు కొండలెక్కవలసి వచ్చును. ఇక్కడ కట్టవలసిన పన్నెంతయో, రుసుమెంతయో కొనక ముందే మన దప్తరునందు అడిగి తెలిసికొని, ఆ మొత్తమును ట్రాక్టరు వెలకు కలిపి చూచుకొనుడు. కలిపి చూచిన పిమ్మట కొన్ని చౌకబేరములు చౌక కాకపోవును. దూరపు కొండలు నునుపు.

తొట్టి విషయము పలువురు మఱచిపోవుదురు. ట్రాక్టరు వేరు, దాని వెనుక కట్టు ట్రైలరు వేరు. చట్టము దృష్టిలో రెండును వాహనములే. దేని రిజిస్ట్రేషను దానిదే. ఊరి వెల్డింగు కొట్టులో పాత లారీ ఇరుసుపై రేకులు అతికి చేయించిన తొట్టికి ఏ సంఖ్యయు ఉండదు. అతుకుల ట్రాక్టరునకు గల చిక్కే దానికిని కలదు.

"మేము పొలములోనే నడుపుకొందుము, రోడ్డెక్కము; మాకు రిజిస్ట్రేషనెందుకు?" అని కొందఱందురు. మొదటిది, 39వ సెక్షను బహిరంగస్థలమనియే గాక 'మఱి ఏ ఇతర స్థలమందైనను' అనియు చెప్పుచున్నది. రెండవది, ధాన్యము మిల్లునకు చేరవలెనన్నను, పొలమునుండి పొలమునకు పోవలెనన్నను మన ఊళ్లలో రోడ్డు దాటక తప్పునా? "అందఱును ఇట్లే నడుపుచున్నారు గదా" అని మఱికొంద ఱందురు. ఏమియు జరుగనంతవఱకు అందఱును నడుపుదురు. జరిగిననాడు ఒక్కడే నిలుచును.

జరిగిననాడేమగునో చెప్పుటయే ఈ వ్యాసమునకు ముఖ్యము. ఊడ్పులనాడు ఉదయమున పదునైదుగురు ఆడుకూలీలు తొట్టిలో నిలువబడి పోవుచుండగా కాలువగట్టుపై చక్రము జారినదనుకొనుడు. తొట్టి మనుష్యులను మోయుటకు ఏర్పడినది కాదు. అది మొదటి దోషము. పత్రములేని బండికి భీమా యుండదు. ఉన్నను పత్రములోని బండియు పడిన బండియు ఒకటి కానప్పుడు భీమా కంపెనీ ఏల చెల్లించును? అది రెండవ దోషము. గాయపడినవారి కుటుంబములు న్యాయస్థానమునకు పోవును, పోవలెను కూడ. 2018 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు, పలువురి చేతులు మారియు పేరు మార్పించుకొనని ఒక కారు విషయమై, రిజిస్టరులో ఎవరి పేరున్నదో అతడే యజమానియనియు, నష్టపరిహారపు బాధ్యత అతనిదేయనియు తీర్పు చెప్పెను. అనగా రాయగడ కొండలలో ట్రాక్టరు అమ్మి మఱచిపోయిన రైతునకు మన ఊరి ప్రమాదమునకు సమను పోవును. అతని భూమి జప్తునకు వచ్చిన నాడు అతడు మనలను తిట్టుకొనడా? ఇక్కడ బండి తోలించినవాడు మాత్రము తప్పించుకొనునా? డ్రైవరును పెట్టినది అతడే. వీరిద్దరి నడుమ కాలు విరిగిన కూలిమనిషి ఏండ్ల తరబడి పరిహారమునకై ఎదురుచూచుచుండును. మా మనసున నున్నది ఆమెయే. రైతు చౌకబేరమునకు కడపటి వెల ఆమె చెల్లించుట ధర్మము కాదు.

ఉత్తరదేశమున జుగాడ్ అను బండ్లు కలవు. నీటిపంపు ఇంజనునకు పాత జీపు ముక్కలు తగిలించి చేసినవి. వాని విషయమై 2013లో సుప్రీముకోర్టు, అవియు మోటారు వాహనములే యనియు, రిజిస్ట్రేషను, భీమా లేక రోడ్డుపై నడువరాదనియు నిర్ణయించెను. 'మనది సొంతముగా అతికినది, చట్టమునకు లోబడదు' అను వాదము నాటితో ముగిసినది.

ఇంతవఱకు రైతును మందలించితిమి. ప్రభుత్వమువారితో కూడ రెండు మాటలు చెప్పక విడిచిన పక్షపాతమగును. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము యాబదేండ్లు దాటిన పాత కార్లను, మోటారుసైకిళ్లను ముచ్చటగా భద్రపఱచుకొనువారికై ప్రత్యేక నిబంధనలు చేసి, 'వీఏ' అను ప్రత్యేక గుర్తు నిచ్చెను. అందును చట్రము, ఇంజను మార్చినవానికి చోటులేదు, అది సరియే. ధనవంతుల ముచ్చటకు తేటయైన త్రోవ యేర్పడినప్పుడు, పేదరైతు పనిముట్టునకును అట్టి తేటయైన త్రోవ యుండవలెనని కోరుట అత్యాశ కాదు. మూతపడిన కంపెనీల ట్రాక్టర్లకు ఇంజను మార్చుకొను విధానమును రైతులకు తెలియునట్లు తెలుగున ప్రకటింపవలెను. సరిహద్దు మండలములలో, పాతపట్నము, సాలూరు వంటిచోట్ల, ఏటికొకమారైనను వేసవిలో రెండు రాష్ట్రముల రవాణా అధికారులును కలిసి కూర్చుండి పాత ట్రాక్టర్లను పరీక్షించి, సరియైనవానిని చేర్చుకొని, కానివానికి కారణము చెప్పవలెను. నిరాకరించినప్పుడు కారణమును వ్రాతమూలకముగా నిచ్చుట చట్టమునందే యున్నది. దానిపై 30 దినములలో అప్పీలు చేసికొనవచ్చుననియు నున్నది. నోటిమాటతో త్రిప్పి పంపబడిన రైతు ఆ వ్రాతను అడుగుటకు జంకరాదు. త్రోవ కనబడనిచోటనే దళారి పుట్టును.

కడపట మన సంఘముల సంగతి. అప్పు ఇచ్చువారు సంఘమువారే గనుక అడ్డుకట్ట వేయగలవారును వారే. పాత ట్రాక్టరునకై అప్పు కోరిన ప్రతి సభ్యుడును రెండు పెన్సిలు అచ్చులను, రిజిస్ట్రేషను పత్రపు నకలును, ఇతర రాష్ట్రపు బండియైనచో నిరభ్యంతర పత్రమును చూపిన పిమ్మటనే సొమ్ము ఇవ్వవలెనని పాలకవర్గములు తీర్మానింపవలెనని మా మనవి. ఇది సభ్యుని సతాయించుట కాదు. అతని అప్పు గడ్డివామి ప్రక్కన త్రుప్పు పట్టకుండ కాపాడుట. రెండవది, అయిదెకరముల రైతులు పదిమంది వేఱువేఱుగా పది అతుకుల ట్రాక్టర్లు తెచ్చుకొనుటకంటె, సంఘము పేరున సరియైన పత్రముగల ట్రాక్టరొకటి కొని వంతులవారీగా బాడుగకు ఇచ్చుకొనుట మేలు. మన జిల్లాల కమతములు చిన్నవి. ఒక్కొక్క కమతమున ట్రాక్టరునకు ఏడాదిలో పని యుండునది కొద్దిదినములే. తక్కిన దినములు అది మేత మేయని ఎద్దు, కాని వడ్డీ మేయును. మూడవది, ఇదివఱకే అట్టి ట్రాక్టరును తెచ్చుకొని దిగులుపడుచున్న సభ్యులు దాచిపెట్టక సంఘమునకు తెలుపవలెను. రెండవ తెగకు చెందినదైనచో, అమ్మినవాడు దొరకినచో, ఇంకను సరిచేసికొనవచ్చును. నలుగురు కలిసి పోయి అడిగిన దప్తరునందు వచ్చు జవాబు వేఱు, ఒంటిగా పోయిన రైతునకు వచ్చు జవాబు వేఱు. సహకారమన్న మాటకు అర్థమదియే గదా.

మేమును ఆ వంశధార ఒడ్డు రైతుతో కలిసి ఈ వేసవిలో మరల ఆవలికి పోవ నిశ్చయించితిమి. అమ్మినవానిని వెదకి, ఆ ఇంజను ఎక్కడిదో, దాని రసీదు ఎవరియొద్ద నున్నదో కనుగొనవలెను. ఫలించునో లేదో చెప్పలేము. ఫలింపకున్నను, ఈసారి కిరసనాయిలు గుడ్డయు, పలుచని కాగితమును, పెన్సిలును మా సంచిలో నుండును. పాత ట్రాక్టరు కొనబోవు ప్రతి సభ్యుని సంచిలోను ఆ మూడును ఉండవలెను. అవి లేనివారు చేతిలోని సొమ్మును చేతిలోనే యుంచుకొని ఇంటికి మరలుట మేలు.